ర్యాంపు మీద నిలిచే బండి

ప్రార్థన కోసం కళ్లు మూసుకున్న ఆ కాసేపట్లో బ్రేకు మీంచి తన కాలు లేచిందా, లేక బండే జారిందా? ఈ అనుమానాన్ని అచ్చిబాబు ఏళ్ల తరబడి మోస్తూ వచ్చాడు. భార్య సారమ్మను అడిగితే భయపడుతుంది. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన వల్ల కీడు జరగదని చెప్పి పంపించేస్తారు. దేవుణ్ణి మాత్రం అప్పుడప్పుడూ మెల్లగా అడిగేవాడు. ఆయన ఇంకా చెప్పలేదు.

అచ్చిబాబుది రాజోలు దగ్గర పల్లె. కువైట్‌లో ఇంటి డ్రైవరు. బండి కదిలించే ముందు కళ్లు మూసుకుని ప్రభువుకు నాలుగు మాటలు చెప్పుకోవడం అతని అలవాటు. పాత యజమాని, అంటే పాత కఫీల్ దగ్గర పనిచేసే రోజుల్లో ఒక శుక్రవారం, ట్రైలరు మీదున్న పడవను ఒడ్డు నుంచి సముద్రంలోకి వాలుగా దిగే సిమెంటు ర్యాంపు మీదుగా వెనక్కి నీళ్లలోకి దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఖాళీ ట్రైలరుతో పైకి రావడానికి ముందు అలాగే కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అద్దంలో సముద్రం దగ్గరికి వస్తోంది. వెనక నడుంలోతు నీళ్లలో, పడవ తాడు పట్టుకుని కఫీల్ తమ్ముడు నిలబడి ఉన్నాడు. అచ్చిబాబు రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. అప్పటికే ముందు చక్రం వెనక ఎవరో ఒక కొయ్య దిమ్మ తోశారు. బండి దాని మీదికి ఎక్కబోయి, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

దిమ్మ తోసినవాడు ముస్తాక్, రాయచోటి మనిషి. తన కఫీల్ పడవతో వరసలో వెనక ఉన్నాడు. ఆ దిమ్మ బండి బరువుకు రెండుగా పగిలింది, ముక్కల్ని నీళ్లు లాక్కుపోయాయి. "కొత్తది చేయించి ఇస్తాను భాయ్" అన్నాడు అచ్చిబాబు. ఆ తర్వాత ఎన్నో శుక్రవారాలు, మనవాళ్లు చేరే మహబూలాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. దిమ్మ ఏదని ముస్తాక్ ప్రతిసారీ నవ్వుతూనే అడిగేవాడు. అచ్చిబాబు నవ్వి తప్పించుకునేవాడు. మరిచిపోయి కాదు. దిమ్మ ఇవ్వబోతే ఆ రోజు సంగతి వస్తుంది. తాను కళ్లు మూసుకుని ఉండడం ముస్తాక్ బండి ముందు అద్దంలోంచి చూసే ఉంటాడని అతని భయం.

ఆ తర్వాత అతను వేరే ఇంటికి మారాడు. అక్కడ సారమ్మ వంట చేస్తుంది, అతను బండి తోలతాడు. మొగుడూ పెళ్లాం ఒకే ఇంట్లో పనిచేసే అదృష్టం ఈ దేశంలో ఎంతమందికి? పైగా ఆ ఇంటికి పడవ లేదు. ప్రభువే తన దారిలోంచి పడవల్ని తీసేశాడని అచ్చిబాబు అనుకున్నాడు.

ఈ చలికాలం ఆ ఇంటి పెద్దాయన, అందరూ బాబా అని పిలిచే అబూ నాసర్, మనవళ్ల కోసం ఒక పడవ కొన్నాడు. దాన్ని సులైబియాలోని గోదాములో పెట్టించి, అచ్చిబాబును పిలిచాడు.

"దీన్ని లాగడానికి బండి కావాలి. మా పెద్దాడు నాసర్ ఒకటి అంటున్నాడు, బండ్ల దుకాణంవాళ్లు ఒకటి అంటున్నారు. తోలేది నువ్వు. నువ్వు చూసి చెప్పు" అన్నాడు. ఆయన అరబ్బీ ఎప్పుడూ నింపాదిగా ఉంటుంది.

"బాబా, నేను పడవలు దించను" అన్నాడు అచ్చిబాబు.

బాబా కోప్పడలేదు. అదే అచ్చిబాబుకు ఎక్కువ బాధ కలిగించింది. "ఈ ఇంట్లో ఒక డ్రైవరుకే చోటు. నీకు వేరే మంచి ఇల్లు చూసిపెడతాను. సారా ఇక్కడే ఉంటుంది. ఆలోచించుకో" అన్నాడు.

వంటింట్లో సారమ్మ ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నది.

"బయవా?" అంది.

"బయవే."

"బయపడితే పడండి, ఎవరొద్దన్నారు. ఆ బయం తోనే ఎల్లి మంచి బండి చూసుకుని రండి. ఎక్కడో జహ్రాలో మీరు, ఇక్కడ నేను. మళ్లీ ఫోనులో కాపరం నావల్ల కాదండి."

అతను తరిగిన ఉల్లిపాయల్ని గిన్నెలోకి తోశాడు. చివరికి, "సరే. దించుతాను. కానీ నిలిచే బండి అయితేనే" అన్నాడు.

బాబా పెద్దకొడుకు నాసర్ ఫోనులో ఒక జీపు చూపించాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది. దాని ఇంజనుకు ఎన్ని గుర్రాల బలమో చెప్పినప్పుడల్లా నాసర్ కళ్లు మెరిశాయి. అచ్చిబాబు దుకాణానికి వెళ్లి దాని కింద వంగి చూసి, వెనక ట్రైలరు కొక్కీ బిగించే ఇనుము సన్నగా ఉందని పక్కన పెట్టాడు. దుకాణంవాళ్లు తోలి చూడమని ఒక పికప్పు ఇచ్చారు. ఇక్కడివాళ్లు దాన్ని వానెట్ అంటారు. సబ్హాన్‌లోని షెడ్డులో కొక్కీ బిగించుకుని, పడవ తగిలించి, రింగ్ రోడ్డు ఎక్కించాడు. వెనక పడవ ఉన్నట్టే లేదు. ఫ్లైఓవరు మీదికి గాలిలా వెళ్లింది.

కువైట్ దేశం బల్లపరుపుగా ఉంటుంది. డ్రైవరుకు తగిలే ఎత్తు అంటే ఫ్లైఓవరే. అందుకే ఇక్కడి డ్రైవర్లందరూ బండి సత్తువను రోడ్డు మీదే చూస్తారు, అక్కడ చూసి సరే అనేస్తారు. అచ్చిబాబు కూడా అదే చేశాడు. ఇంటికి వచ్చి, ఇదే బావుంది బాబా, బాగా లాగుతోంది అన్నాడు.

బాబా టీ గ్లాసు కింద పెట్టాడు. "మా నాన్న సముద్రం మీద బతికిన మనిషి. పడవ రోడ్డు మీద ఎలా ఉందో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆటుకు నీరు వెనక్కి తీసినప్పుడు ర్యాంపు కింది భాగం బయటపడుతుంది కదా, పాచి పట్టి పచ్చగా. అక్కడ నిలబెట్టి చూశావా?"

అచ్చిబాబు లేదని తల ఊపాడు. ఆ రోజు కూడా నీరు తీసే ఉంది. ఆ సంగతి ఇన్నేళ్లలో అతనికి ఒక్కసారీ గుర్తు రాలేదు. తన కాలు గురించే ఆలోచించాడు తప్ప, చక్రాల కింద ఏముందో ఆలోచించలేదు.

మర్నాడు ముస్తాక్‌కు ఫోను చేశాడు. "భాయ్, ర్యాంపు దగ్గర ఒక మనిషి కావాలి. చక్రం వెనక దిమ్మ పెట్టడానికి."

"వస్తాలే. దిమ్మ మాత్రం నువ్వే తెచ్చుకోవల్ల. నాది నీకాడనే ఉండాది కదా" అన్నాడు ముస్తాక్.

బాబా మాట మీద దుకాణంవాళ్లు ఇంకో బండి కూడా ఒక పూటకు ఇచ్చారు. అది పాతకాలం తరహా జీపు, బరువైనది, పొడవైనది. గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంది. దాన్ని వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ ఒకదానికొకటి ముడిపడతాయి. ఎడారిలో గొర్రెల మందలున్నవాళ్లు వాడే రకం.

నీరు బాగా తీసిన వేళ చూసుకుని, ముందు ఖాళీ ట్రైలరు తగిలించిన వానెట్‌ను దించాడు అచ్చిబాబు. వెనక చక్రాలు పాచి మీద, ముందు చక్రాలు పొడి సిమెంటు మీద. ముస్తాక్ ఒక పెద్ద రాయి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వెనక నీళ్లలో ఎవరూ లేరు.

గేరు పార్కులో పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. కాలు బ్రేకు మీదే ఉంచి, కళ్లు తెరిచే ఉంచాడు. బండి నిలిచింది. తర్వాత మెల్లగా కాలు తీశాడు.

ఒక్క ఊపిరి పట్టేంత సేపు ఏమీ జరగలేదు. తర్వాత, చప్పుడు లేకుండా, సముద్రం అద్దంలోకి రావడం మొదలుపెట్టింది. వెనక చక్రాలు తిరగడం లేదు. బిగుసుకుపోయే జారుతున్నాయి. ముందు చక్రాలు మాత్రం ఏ పట్టూ లేకుండా దొర్లుతున్నాయి. ముస్తాక్ రాయి తోశాడు, అచ్చిబాబు బ్రేకు తొక్కాడు.

అతను కిందికి దిగకుండా సీట్లోనే కూర్చుండిపోయాడు. హ్యాండ్‌బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. పార్కు గేరు పట్టుకునేదీ వాటినే. ఆ రెండూ పాచి మీద ఉన్నాయి. కాలు బ్రేకు మీదున్నంతసేపూ బండి నిలిచింది, అంటే ఆ రోజు కాలు లేచిందన్నమాట. కానీ చెయ్యి కూడా తన పని చేసింది, హ్యాండ్‌బ్రేకు లాగింది. అది చాలదని తనకు ఎవరూ చెప్పలేదు. ఇది తప్పేనా ప్రభువా, తెలియకపోవడం తప్పేనా? అడిగాడు గానీ జవాబు కోసం ఆగలేదు. చెయ్యాల్సిన పని ఇంకా ఉంది.

జీపును దించాడు. చిన్న లివరు వెనక్కి లాగి, పార్కులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, కాలు తీశాడు. బండి కదల్లేదు. ముందు చక్రాలు కూడా పొడి నేలను కరుచుకుని ఉన్నాయి. ముస్తాక్ బంపరు మీద చెయ్యేసి తోశాడు, ఆపైన వీపు ఆనించి తోశాడు. కదల్లేదు.

అప్పుడు అచ్చిబాబు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తొందరపడలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ప్రార్థన అంతా చెప్పాడు, ఆమెన్ అన్నాడు, తర్వాతే కళ్లు తెరిచాడు. సముద్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

కిందికి దిగి, ముస్తాక్‌ను సూటిగా అడిగాడు. "ఆ రోజు నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నువ్వు చూశావా?"

ముస్తాక్ చేతులకంటిన తడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నీ మొగం ఎవడు జూసినాడప్పా. నేను టైరు జూసినా. నీ మొగం జూస్తా నిలబడింటే ఆ కువైటీ సచ్చిపోయుండు."

అచ్చిబాబుకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా మోసినదానికి సరిపడా నవ్వాడు.

"ఏం నవ్వుతావ్లే. నా దిమ్మ యాడ? ఆ పొద్దు కాడ్నుంచి రాళ్లు మోసి మోసి నా నడుం పోయింది."

ఆ సాయంత్రం జీపు ఫోటో చూసి నాసర్ పెదవి విరిచాడు. "ఇది గొర్రెలు కాసేవాళ్ల బండి. దీని వెనక అంత మంచి పడవా?"

అచ్చిబాబు బాబా వైపు తిరిగాడు. ఆ ఇంట్లో అతను గొంతు పెంచి మాట్లాడింది ఎప్పుడూ లేదు, ఇప్పుడూ పెంచలేదు. "ఈ బండి అయితే పడవ నేను దించుతాను బాబా. ఇది కాకపోతే నన్ను పంపించెయ్యండి. వెనక నీళ్లలో ఉండేది మీ మనవళ్లు."

గుమ్మం దగ్గర టీ పళ్లెంతో వచ్చిన సారమ్మ అక్కడే ఆగిపోయింది.

"నీరు తీసినప్పుడు చూశావా?" అడిగాడు బాబా.

"చూశాను."

"నిలిచిందా?"

"నిలిచింది."

"ఖలాస్, అదే ఖాయం" అన్నాడు బాబా. నాసర్ భుజం మీద చెయ్యేసి, "గొర్రెలు కూడా భద్రంగా ఇల్లు చేరాలి కదా" అన్నాడు. నాసర్ నవ్వేశాడు. సారమ్మ లోపలికి వచ్చి, అందరికంటే ముందు మొగుడికి టీ ఇచ్చింది. తర్వాత తప్పు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

సులైబియా గోదాములో పాత పడవల్లోంచి విప్పేసిన టేకు దుంగలు పడి ఉండేవి. కాపలా మనిషిని అడిగి అచ్చిబాబు ఒకటి తీసుకున్నాడు. సబ్హాన్‌లోని వడ్రంగి దగ్గర కూర్చుని, చక్రం కిందికి దూరేలా ఒకవైపు వాలుగా కోయించి, లాక్కోవడానికి తాడు కూడా కట్టించాడు.

తర్వాతి శుక్రవారం మసీదులో జుమ్మా నమాజు అయ్యాక బాబా కుటుంబం ర్యాంపు దగ్గరికి చేరింది. పిల్లలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఒడ్డున గంతులేస్తున్నారు. అచ్చిబాబు ఇంట్లోనే ప్రార్థన చేసుకుని వచ్చాడు. ర్యాంపు మీద మాత్రం కళ్లు తెరిచే చేసుకున్నాడు. ప్రభువుకు రెండూ ఒకటే అయి ఉంటుందిలే అనుకున్నాడు, కొంచెం సందేహంతోనే. జీపు నిలిచింది. పడవ తేలింది.

ముస్తాక్ తన కఫీల్ పడవతో వరసలో వెనక ఉన్నాడు. అచ్చిబాబు జీపును పైకి తెచ్చి పక్కన ఆపి, వెనక తలుపు తీసి, దిమ్మను రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు.

"ఇదిగో భాయ్. నీది."

ముస్తాక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో గీకాడు. తాడు లాగి చూశాడు. "నాది వేపది. ఇది టేకప్పా."

"ఆలస్యమైంది కదా."

"అట్లయితే సరే" అన్నాడు ముస్తాక్. దిమ్మను నేల మీద పెట్టి, చెప్పుకాలితో తన బండి ముందు చక్రం వెనక్కి తోశాడు. బిగువుగా కూర్చుంది.