వెదురు బద్దల పట్టీలు

యోనా నడక మారిందని ముందు గమనించింది ఏలీయానే. పదమూడేళ్ళ కుర్రాడు బడినుంచి వస్తూ ఎడమ భుజం కాస్త కిందికి వాల్చి, కుడిచెయ్యి వెనక్కి విసురుతూ నడుస్తున్నాడు. అది మజీద్ నడక. ఏళ్ళ తరబడి దూదేకే విల్లు మోసి మజీద్ భుజం అలా ఒరిగిపోయింది. యోనా ఏ విల్లూ మోయలేదు.

"సరిగ్గా నడవరా," అన్నాడు ఏలీయా గుమ్మంలోంచి.

"సరిగ్గానే నడుస్తున్నాను నాన్నా," అన్నాడు యోనా, అలాగే నడుస్తూ.

ఏలీయా మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా. వయసులో ఉన్నప్పుడు బందరులో అతనిలా కుడి అంచున బంతి తీసుకుపోయేవాడు లేడనేవారు. మజీద్ అదే జట్టులో వెనక ఆడేవాడు. ఏలీయా గోలు కొడితే జనం ఏలీయానే ఎత్తుకునేవాళ్ళు. మజీద్ పక్కన నిలబడి నవ్వేవాడు. తర్వాత ఏలీయా మోకాలు దెబ్బతింది. ఆట వదల్లేక బెజవాడ వెళ్ళి రిఫరీ పరీక్ష రాసి ప్యాసయ్యాడు. ఫుట్‌బాల్ రూల్సన్నీ అతనికి కంఠతా వచ్చు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పిల్లల మ్యాచి పెట్టుకున్నా అతనికే కబురు వచ్చేది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది మజీద్ పిల్లల జట్టు ఒకటి పెట్టాడు. పిల్లలు సాయంత్రాలు ఇళ్ళల్లో ముడుచుకు కూర్చుంటున్నారు, గాలి గట్టిగా వీస్తే చాలు తల్లుల దగ్గరికి పరిగెడుతున్నారు, వీళ్ళని కాస్త ఆడించాలి అన్నాడు. విరిగిపడ్డ సరుగుడు వాసాలు తెచ్చి గోలుస్తంభాలు పాతాడు. పరుపుల కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి గ్రౌండుకి వచ్చేవాడు. యోనాని మొదటిరోజు అక్కడికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది ఏలీయానే. "బావా, నువ్వు కూడా వచ్చి నేర్పు," అని మజీద్ అడుగుతాడనుకున్నాడు. మజీద్ అడగలేదు. ఏలీయా తనంతట తాను వస్తానని అనలేదు.

ఆనాటినుంచి ఇంట్లో భోజనాల దగ్గర మజీద్ మాటే.

"బంతిని చూడకూడదంట నాన్నా. అవతలోడి నడుం చూడాలంట. నడుం అబద్ధం చెప్పదన్నాడు మజీద్ మావయ్య."

ఏలీయా చేతిలో ముద్ద ఆగింది. ఆ మాట తను మజీద్‌కి చెప్పింది. ఏలూరు మ్యాచికి వెళ్తూ, రైల్లో, తలుపు దగ్గర నిలబడి చెప్పింది.

"వాడికా మాట నేర్పింది నేనేరా."

"అవునా నాన్నా," అన్నాడు యోనా. మర్యాదకి అన్నాడు. మళ్ళీ పచ్చడి కలుపుకోవడంలో పడ్డాడు. వాడు నమ్మలేదని ఏలీయాకి తెలిసిపోయింది. భార్య సత్యవతమ్మ ఇద్దరినీ చూసి మజ్జిగ గిన్నె జరిపింది.

వానాకాలంలో ఒకసారి యోనాకి మోకాలి కింద ముంగాలి ఎముకకి తన్ను తగిలి వాచింది. ఉప్పు కాపడం పెడుతూ ఏలీయా అన్నాడు: "వీటికి షిన్ గార్డులని ఉంటాయిరా. మేజోడు లోపల పెట్టుకుంటారు. బెజవాడలో దొరుకుతాయి. ఈసారి వెళ్ళినప్పుడు తెస్తాను."

యోనా చాలా సంతోషించాడు. ఏలీయా బెజవాడ వెళ్ళాడు, ఆఫీసు పని తెమలక కొట్టు కట్టేసే వేళకి గాని బయటపడలేదు. మరోసారి వెళ్ళినప్పుడు మరిచేపోయాడు. యోనా అడగడం మానేశాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం యోనా వాకిట్లోకి వస్తూనే మేజోళ్ళు కిందికి లాగి చూపించాడు. రెండు కాళ్ళకీ గళ్ళ గుడ్డతో కుట్టిన దళసరి పట్టీలు. లోపల వెదురు బద్దలు పక్కపక్కనే పేర్చి, వాటి కింద ఏకిన దూది పరిచి, పరుపు కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టారు. మజీద్ బద్దలు చీల్చి నునుపు చేశాడట. అతని చెల్లెలు రోషన్ బీ కుట్టిందట. జట్టులో అందరికీ చేశారట.

"తన్ను చూడు నాన్నా. గట్టిగా తన్ను."

ఏలీయా తన్నలేదు. వాడు నిద్రపోయాక తలగడ పక్కనున్న పట్టీలు తీసి చూశాడు. బద్దల అంచులు వేలితో తడిమాడు. ఎక్కడైనా పేడు లేచి ఉంటుందేమో, కుట్టు వదులుగా ఉంటుందేమో అని వెతికాడు. ఏ లోపమూ కనబడలేదు. బెజవాడ కొట్టులో అమ్మేవాటికంటే ఇవి పిల్లల కాళ్ళకి బాగా నప్పుతాయి. తీసినచోటే పెట్టి వచ్చి పడుకున్నాడు.

గుడివాడలో పిల్లల జట్టుని ఈశ్వరప్రసాద్ అనే ఆయన నడుపుతున్నాడు. రైసుమిల్లు వాళ్ళబ్బాయి. ఆయన జట్టుకీ మజీద్ జట్టుకీ మ్యాచి కుదిరింది. తీరా రేపు మ్యాచి అనగా రిఫరీగా రావలసిన మాస్టారికి జ్వరం తగిలింది. ఈశ్వరప్రసాద్ ఏలీయాకి ఫోను చేయించాడు.

"మా అబ్బాయి ఆడుతున్నాడండీ అందులో," అన్నాడు ఏలీయా.

"మీ సంగతి మాకు తెలియదా అండీ. విజిలు మీ నోట్లో ఉంటే మీ అబ్బాయైనా మా అబ్బాయైనా మీకొకటే. మీరు రండి."

పొద్దున్న ప్యాసింజరులో అందరూ కలిసే బయల్దేరారు. యోనా తండ్రి పక్కన కూర్చున్నాడు గానీ, పెడన దాటకముందే లేచి పిల్లల మధ్యకి వెళ్ళిపోయాడు. మజీద్ ఒక్కొక్కడి పట్టీలు చూసి తాళ్ళు బిగిస్తున్నాడు. యోనా తన కాలు మజీద్ ఒళ్ళో పెట్టి ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఏలీయా కిటికీలోంచి కోసిన వరిచేలు చూస్తూ కూర్చున్నాడు. కవుతరంలో మజీద్ టీ తెచ్చిచ్చాడు. "తాగు బావా." ఏలీయా తీసుకున్నాడు. మళ్ళీ కిటికీవైపు తిరిగాడు.

ఆట మొదలయ్యేముందు రిఫరీ ఇరుపక్షాల సామాను తనిఖీ చెయ్యాలి. అవతలి ఆటగాడికి దెబ్బ తగిలించేది ఏదీ ఎవరి ఒంటిమీదా ఉండకూడదు. ఏలీయా ముందు గుడివాడ పిల్లలని వరసగా నిలబెట్టాడు. వాళ్ళలో కొందరికి మద్రాసునుంచి తెప్పించిన తోలు బూట్లున్నాయి. అడుగున తోలు బుడిపెలు మేకులతో కొట్టి ఉంటాయి. ఒక్కొక్క కాలూ ఎత్తించి, ఒక్కొక్క బుడిపె మీదా బొటనవేలు పెట్టి రుద్ది చూశాడు. ఒక కుర్రాడి బూటులో మేకు తల పైకి వచ్చి ఉంటే రాయితో కొట్టించి, మళ్ళీ చూసి, సరే అన్నాడు. గోలీ చొక్కా రంగు వేరేగా ఉందా లేదా చూశాడు. మెడలో గొలుసున్నవాడి చేత తీయించాడు.

తర్వాత బందరు పిల్లల దగ్గరికి వచ్చాడు. అందరూ కాన్వాసు బూట్లలో ఉన్నారు. ముందు నిలబడింది యోనా. మేజోడు పైనుంచి గళ్ళ గుడ్డ కనబడుతోంది. గుడివాడ పిల్లల్లో ఒకడు "పట్టీలు పెట్టుకొచ్చార్రా, ఆడపిల్లల్లాగా," అన్నాడు. యోనా వాడివైపు చూడనుకూడా లేదు. మజీద్ వైపు చూసి కన్ను గీటాడు.

ఏలీయా వంగి ఆ పట్టీ లాగి చూశాడు. వారం రోజుల ఆటలో కింది మూల కుట్టు కాస్త విడింది. ఒక బద్ద కొన బియ్యపుగింజంత బయటికి కనబడుతోంది.

అతను నడుము ఎత్తాడు.

"ఇవి పనికిరావు. అందరూ తీసెయ్యండి."

పిల్లలు మజీద్ వైపు చూశారు. మజీద్ దగ్గరికి వచ్చి, మెల్లగా, "ఏమైంది బావా?" అన్నాడు.

"బద్ద బయటికొచ్చింది. ప్రమాదం. రూలు ఒప్పుకోదు."

"యోనావి తీసేద్దాం. తక్కినవాళ్ళవి ఒకసారి చూడు."

"రిఫరీ చెప్పాక మళ్ళీ మాట లేదు మజీద్. ఆట మొదలుపెట్టాలి."

మజీద్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత పిల్లలవైపు తిరిగి, "తీసెయ్యండర్రా. రిఫరీ గారు చెప్పారు," అన్నాడు. తనే ముందు వంగి యోనా తాళ్ళు విప్పాడు. యోనా తండ్రివైపు చూశాడు. కోపం ఉంటే ఏలీయా తట్టుకునేవాడు. వాడి చూపులో ఉన్నది కోపం కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

ఆట బాగానే సాగింది. ఏలీయా ఎవరికీ మొగ్గు చూపలేదు. సగం ఆట అయ్యాక బందరు వైపు మూలలో బంతి కోసం ఇద్దరు ఒక్కసారే కాళ్ళు విసిరారు. ఒకడు తోలు బూట్ల కుర్రాడు. రెండోవాడు కరీముల్లా, రోషన్ బీ కొడుకు. టప్పుమన్న చప్పుడు ఏలీయాకి వినబడింది. కరీముల్లా అరవలేదు. కూర్చుండిపోయి ముంగాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మేజోడులోకి కారింది.

అవతలి కుర్రాడి తప్పు లేదు. ఏలీయా విజిలు ఊది ఆట ఆపాడు. మజీద్ పరిగెత్తుకొచ్చి మేజోడు దించి చూశాడు. చర్మం నిలువునా చీలి లోపల తెల్లగా ఎముక కనబడుతోంది. మజీద్ గట్టుమీద కుప్పగా పడేసిన పట్టీల్లోంచి ఒకటి తీసుకుని, కుట్టు పళ్ళతో తెంపి, లోపలి దూది గాయం మీద అద్ది పట్టుకున్నాడు. ఏలీయా పక్కనే నిలబడి చూశాడు. తెంపిన పట్టీలోని బద్దలు గడ్డిమీద పడ్డాయి. నున్నగా, అంచులు గుండ్రంగా ఉన్నాయి.

ఈశ్వరప్రసాద్ జీపులో కరీముల్లాని ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించారు. ఎముక విరగలేదన్నారు. మ్యాచి గుడివాడ గెలిచింది. బందరువాళ్ళు తిరిగి వెళ్ళేముందు ఈశ్వరప్రసాద్ ఏలీయా చెయ్యి పట్టుకుని, "రిఫరీ అంటే మీరండీ. సొంత ఊరు, సొంత కొడుకు అని కూడా చూళ్ళేదు. ఇలాంటి మనుషులు ఎక్కడండీ ఇప్పుడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. ఏలీయా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లో యోనా అన్నం తినకుండా అరుగుమీద కూర్చున్నాడు. జరిగిందంతా ఏలీయానే భార్యకి చెప్పాడు. రూలు ఏమిటో, బద్ద ఎలా బయటికొచ్చిందో వివరంగా చెప్పాడు. సత్యవతమ్మ లాంతరు వత్తి ఎగదోస్తూ అంతా విన్నది.

"తక్కినవాళ్ళవి చూశారా?"

"ఏవి?"

"పట్టీలండీ. కరీముల్లావి చూశారా?"

ఏలీయా లేచి చొక్కా విప్పి వంకెకి తగిలించాడు. ఆమె మళ్ళీ అడగలేదు. బయటికి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది.

పది పన్నెండు రోజులు ఏలీయా ఆఫీసునుంచి వచ్చేటప్పుడు మజీద్ కొట్టున్న వీధి తప్పించి వచ్చాడు. తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక గుడినుంచి వస్తూ నేరుగా అక్కడికే వెళ్ళాడు. మజీద్ పరుపు గలీబు నోటితో పట్టుకుని దూది కూరుతున్నాడు. ముక్కుమీద, మీసాలమీద దూది.

"రా బావా. కూర్చో."

ఏలీయా కూర్చోలేదు. "కరీముల్లాకి ఎలా ఉంది?"

"కుట్లు విప్పారు. కుంటుతున్నాడు. తగ్గిపోద్ది."

"మజీద్. ఆరోజు నేను తక్కినవాళ్ళవి చూడలేదు."

"తెలుసు."

"చూస్తే వాటిలో ఏ లోపమూ ఉండదని నాకు తెలుసు. ఇంట్లో యోనావి అంతకుముందే చూశాను. కొత్తలో."

మజీద్ గలీబు కింద పెట్టాడు. చేతులకంటిన దూది గిల్లి పారేశాడు.

"కోపం లేదనను బావా. పిల్లోడి కాలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తుంటే నిన్ను తిట్టుకున్నాను. రోషన్ బీ ఇంకా తిడతానే ఉంది. నువ్వు వెళ్ళి ఆవిడ ముందు నిలబడాలి. అది నీ బదులు నేను చెయ్యలేను."

"వెళ్తాను."

"ఇంకోటి. నువ్వొచ్చి నేర్పుతావేమోనని మొదట్నుంచీ అనుకుంటన్నాను. పెద్ద రిఫరీవి, పరుపులు కుట్టేవాడు పిలిస్తే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను."

ఏలీయా తలూపి, అక్కణ్ణుంచి రోషన్ బీ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి అన్నదంతా విన్నాడు. లోపలినుంచి కరీముల్లా "పోనీలేమ్మా," అంటున్నాడు. ఆవిడ పోనివ్వలేదు. చివరికి కొడుకు కాలు చూపించింది. మచ్చ ఇంకా ఎర్రగా ఉంది.

మరుసటి వారంనుంచి ఏలీయా సాయంత్రాలు గ్రౌండుకి వెళ్ళాడు. పిల్లలకి రూల్సు చెప్పడం అతని పని అని మజీద్ అన్నాడు. మొదటిరోజు ఆఫ్‌సైడు. ఇటుకముక్కలు నేలమీద పెట్టి, వీడు రక్షణవాడు, వీడు గోలీ, బంతి వదిలిన క్షణంలో నువ్వెక్కడున్నావన్నదే లెక్క అని చెప్పాడు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. యోనా వెనక వరసలో కూర్చుని చెయ్యెత్తాడు.

"త్రో ఇన్ నుంచి బంతి వస్తే ఆఫ్‌సైడు ఉండదంట కదా. మజీద్ మావయ్య చెప్పాడు."

అది ఏలీయా తర్వాత చెప్పబోతున్న మాట. మజీద్ గోలుస్తంభాల దగ్గర వల కడుతున్నాడు, ఇటు చూడటం లేదు. నేను చెప్పబోతున్నదీ అదేరా అనబోయాడు ఏలీయా. ఆ ఉక్రోషం పోతుందనుకున్నాడు గానీ పోలేదు. ఆ మాట మింగేశాడు.

"మజీద్ చెప్పింది కరెక్టే," అన్నాడు. "కార్నర్ కిక్కు నుంచి కూడా ఉండదు. ఇదుగో, ఈ ఇటుక నువ్వనుకో. ముందుకి రా, చూపిస్తాను."

యోనా కాస్త ఆలోచించి లేచి ముందుకి వచ్చాడు.