ఒకే బకెట్టు నీళ్లలో

భీమునిపట్నం దాటాక రెండు కిలోమీటర్ల దూరంలో, సరుగుడు తోట సముద్రానికి బాగా దగ్గరగా వచ్చే చోట, తాబేలు గుడ్లు పొదిగించే హేచరీ ఒకటి ఉంది. అదేమీ పెద్ద కట్టడం కాదు. ఇసుకలో నాలుగు వైపులా వల కట్టిన కంచె, పక్కన ఒక రేకుల షెడ్డు, అంతే. జనవరి నుంచి మే దాకా దానికి కాపలా యోహాన్.

యోహాన్ ఇరవై రెండేళ్లు వేట పడవల మీద పనిచేశాడు. భార్య రోజలిన్ చనిపోయిన ఏడాదే మోకాలు దెబ్బతిని పడవ మానేశాడు. పిల్లల్లేరు. తమ్ముడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టులు చేసుకుంటూ క్రిస్మస్‌కి తప్ప కనిపించడు. తెల్లవారకముందే ఒడ్డు వెంట నడిచి, తాబేళ్లు పెట్టి వెళ్లిన గుడ్లను కుక్కలు తినకముందే తవ్వి తెచ్చి, హేచరీలో మళ్లీ అంత లోతునే పూడ్చిపెట్టడం ఇప్పుడతని పని. ఎండెక్కేసరికి ఆ పని అయిపోయేది. ఇక సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండడు. ఒక్కోసారి ఫోను మోగితే మాట పెగిలేది కాదు. గొంతు సవరించుకునేలోపు అవతలివాళ్లు పెట్టేసేవారు.

ఆ ఏడు మాత్రం గురువారాలు వేరుగా గడిచాయి. మధులత అనే పరిశోధక విద్యార్థిని దువ్వాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది.

మొదటి రోజే ఆమె తన పని చెప్పింది. గుడ్డులో పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే అన్నీ ఆడవే పుడతాయి. ఎండలు ఇలాగే ముదిరితే కొన్నాళ్లకు మగ తాబేళ్లు దొరకవు. గూళ్ల మీద పందిరి వేస్తే ఇసుక చల్లబడుతుందా అన్నది ఆమె ప్రశ్న.

"పందిరేస్తే సల్లగుంటాదమ్మా. దానికింత సదువెందుకు?" అన్నాడు యోహాన్.

"ఉంటుందని అనుకుంటున్నాం బాబాయ్. ఎంత ఉంటుందో ఇక్కడెవరూ కొలవలేదు. కొలిచేదాకా అది మన నమ్మకమే."

ఆ మాట అతనికి నచ్చింది. ఆరు గూళ్ల మీద కొబ్బరాకుల పందిరి వేశాడు. ఆరు గూళ్లను ఎండకే వదిలేశారు. ఒక్కో గూటిలో గుడ్ల లోతుకు తీగ దింపి, పైన అంకెలు చూపే థర్మామీటరు ఒక్కోటి పెట్టారు. ఆరు ఆమె ల్యాబులో అంతకుముందే ఉన్నవి, ఆరు కొత్తగా కొన్నవి. పాతవి ముందు ఎండ గూళ్లకు పెట్టేశారు. పందిరి పని సాయంత్రానికి పూర్తయింది కాబట్టి మిగిలిన కొత్తవి దాని కిందికి వెళ్లాయి. ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి యోహాన్ అంకెలు రాసేవాడు. ఒక్కపూట తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి రాశాడు. ఏప్రిల్‌లో మధులత షెడ్డులో కూర్చుని లెక్క తీసింది. పందిరి కింద ఒక డిగ్రీ నాలుగు పాయింట్లు తక్కువ.

"ఇది చాలా పెద్ద తేడా బాబాయ్" అంది. ఆ తరవాతి గురువారం మాడుగుల హల్వా పొట్లం తెచ్చింది. తన థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఇదేనని, పరిశోధకుల మీటింగులో చెప్పడానికి చెన్నై వెళుతున్నానని చెప్పింది. తన చేతిరాత ఒకరికి పనికొచ్చిందన్న సంగతి యోహాన్‌కి ఆ వారమంతా తోడుగా ఉంది.

మే నెలాఖరుకి పిల్లలన్నీ సముద్రంలోకి వెళ్లిపోయాయి. యోహాన్ థర్మామీటర్లు పైకి లాగి, ఇసుక వదలడానికి తీగల కొసలన్నీ ఒకే బకెట్టు నీళ్లలో వేశాడు. కాసేపటికి తియ్యబోతూ అలవాటుగా అంకెలు చూశాడు. పాతవి ఆరూ ఇంచుమించు ఇరవై ఎనిమిదిన్నర చూపిస్తున్నాయి. కొత్తవి ఆరూ ఇరవై ఏడు దాటి కొద్దిగా.

నీళ్లు కలియతిప్పాడు. పావుగంట ఆగాడు. అదే తేడా. మర్నాడు పొద్దున్న చల్లటి నీళ్లతో చూశాడు, మధ్యాహ్నం ఎండలో కాగిన నీళ్లతో చూశాడు. మూడు రోజులు చూశాడు. కొత్తవి ఎప్పుడూ ఒక డిగ్రీ పైచిలుకు తక్కువే చెబుతున్నాయి. పందిరి ఇచ్చిందనుకున్న చల్లదనంలో ఎక్కువ భాగం పందిరిది కాదు, థర్మామీటర్లది.

ఆ సంగతి ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు. థర్మామీటర్లు తుడిచి డబ్బాలో పెట్టి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల చెన్నైలో చెప్పుకుంటుంది, చదువు పూర్తవుతుంది, వచ్చే ఏడు మళ్లీ గురువారాలు వస్తాయి. చెబితే రాకపోవచ్చు. ఆదివారం చర్చిలో పాట నోటికి రాలేదు. బయటికొచ్చి గోడ నీడన నిలబడి ఫోన్ చేశాడు.

"మధులతమ్మా, నాను యోహాన్ని. ఒక మాట సెప్పాలి. మనం పొరపాటు పడ్డాం."

చూసిందంతా చెప్పాడు.

"మీరు సరిగ్గానే చూశారా?"

"మూడ్రోజులు సూసేనమ్మా. రాసేను కూడా."

"తర్వాత మాట్లాడతాను బాబాయ్" అని పెట్టేసింది.

మాట్లాడలేదు. ఒక కుర్రాడొచ్చి డబ్బా పట్టుకుపోయాడు. యోహాన్ షెడ్డుకి తాళం వేసి ఊళ్లో తన ఇంటికి వచ్చేశాడు. జూన్, జూలై వలలు అల్లుతూ గడిపాడు. తాను చేసింది తప్పు కాదని తెలుసు. కానీ అది తెలిసినంత మాత్రాన ఇంట్లో ఇంకో మనిషి తోడున్నట్టు కాదు. గురువారం సాయంత్రాలు వీధిలోకి ఎందుకొచ్చి నిలబడుతున్నాడో తనకే అర్థమయ్యేది కాదు. బస్సు దిగినవాళ్లందరూ వెళ్లిపోయాక లోపలికి వెళ్లేవాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చిక్కిపోయింది.

"మీ మీద కోపం వచ్చింది బాబాయ్" అంది కుర్చీలో కూర్చుని. "నాలుగు రోజులు ఏడ్చాను. తర్వాత నేనూ బకెట్లో పెట్టి చూశాను. మీరు చెప్పినంతే వచ్చింది. మీటింగ్ మానుకున్నాను. ఆ తర్వాత మీకు ఫోన్ చెయ్యడానికి సిగ్గేసింది."

యోహాన్ టీ కలిపి గ్లాసు చేతికిచ్చాడు. "ఆ తేడా ఎంతో తెలిసింది కదా. తీసేత్తే సరిపోదా?"

"తీసేయొచ్చు. కానీ ఇసుక లోపల, తేమలో, రెండు నెలలూ ఆ తేడా అంతే ఉందని మనకెలా తెలుసు? అలా దిద్దిన అంకెను నేనే నమ్మలేను. ఇంకొకళ్లని నమ్మమని ఎలా అడగను?"

"మరేటి సేద్దాం?"

"మళ్లీ మొదట్నుంచి."

మరుసటి జనవరిలో మరికొన్ని తెప్పించి, అన్నింటినీ ముందే ఒకే నీళ్లలో పెట్టి, తేడా లేని పన్నెండింటినే తీసుకున్నారు. అది చాలదని వారం వారం ఎండలోవి నీడలోకి, నీడలోవి ఎండలోకి మార్చారు. ఈసారి ఫలితం చిన్నది. పందిరి చల్లబరిచింది డిగ్రీలో మూడో వంతు కూడా లేదు. ఆడ మగ తారుమారు చేయడానికి అది సరిపోదు. మధులత దాన్ని అలాగే రాసింది. మొదటి ఏడాది ఎక్కడ తప్పు జరిగింది, ఎవరు పట్టుకున్నారు అన్నది కూడా రాసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏడాది ఆలస్యంగా ఆమెకు డాక్టరేట్ వచ్చింది, కొచ్చిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు రోజు వచ్చి, తేడా లేని ఆ థర్మామీటర్లలో ఆరు అతని దగ్గరే ఉంచి వెళ్లింది.

ఆ తరవాతి సీజన్‌లో గురువారం కూడా మిగతా రోజుల్లాగే వచ్చి పోయింది. అయినా యోహాన్ అంకెలు రాయడం మానలేదు. ఎవరికని అడిగితే చెప్పలేకపోయేవాడు.

మార్చిలో ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"యోహాన్ గారేనా? నా పేరు సింహాద్రండి. శ్రీకాకుళం ఇవతల మాకూ ఓ హేచరీ ఉంది. నాను కాపలా. మధులత మేడం రాసింది మా సారు సదివి సెప్పేరు. మీ పందిరి సల్లబర్సలేదన్నారు కదా?"

"అవును."

"మాకు సల్లబడింది. డిగ్రీ పైనే."

యోహాన్ లేచి నిలబడ్డాడు. "ఏ ఆకేశారు?"

"తాటాకు. రెండు వరసలు."

"మాది కొబ్బరాకు, ఒక వరసే. ఎండ దిగిపోయేది. ఎంతెత్తు? నీళ్లేటైనా జల్లుతన్నారా?"

నీళ్లు చల్లడం లేదు. ఎత్తు నడుం దాకా. ఇసుక నల్లదా తెల్లదా, ఎన్ని గూళ్లు, ఏ వేళకు చూస్తున్నారు అని యోహాన్ అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిదానికీ సింహాద్రి దగ్గర జవాబుంది, లేనిచోట "అది సూడలేదు" అని ఒప్పుకున్నాడు. చీకటి పడే వేళకు 'గారు' పోయి 'బావా' వచ్చింది.

"మాదే తప్పేమో, మీదే తప్పేమో, ఫోన్లో తేలదు బావా" అన్నాడు సింహాద్రి. "మీ థర్మామీటర్లట్టుకుని ఒకపాలి రండి. మావీ మీవీ కలిపి నీళ్లలో ఎట్టి సూద్దాం."

"సోమారం వత్తాను" అన్నాడు యోహాన్.

సోమవారం కాపలాకి పక్క వీధి ఎల్లారావుని ఒప్పించి, ఆరు థర్మామీటర్లనూ తువ్వాలులో చుట్టుకుని, పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాడు.