ఎడమ మోకాలి కింద

ఓరెస్ట్ హ్నాట్యుక్ పెద్ద లీగ్‌లో పదకొండేళ్లు ఐస్ హాకీ ఆడాడు. డిఫెన్స్ ఆటగాడు. అంటే అవతలివాళ్లు కొట్టిన బిళ్ళకు తన ఒళ్లు అడ్డం పెట్టడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నాలుగు పళ్లు, ఒక ప్లీహం, కుడిచెవిలో సగం వినికిడి ఖర్చయిపోయాయి. బదులుగా వచ్చింది ఒక్క గోల్.

ఆ గోల్ తాలూకు నల్ల రబ్బరు బిళ్ళ ముప్ఫై ఏళ్లుగా అతని మేజోళ్ల సొరుగులో ఉంది. ఎవరైనా తొలి గోల్ కొడితే జట్టువాళ్లు ఆ బిళ్ళను వలలోంచి ఏరి, తెల్ల టేపు చుట్టి, పేరూ తేదీ రాసి చేతిలో పెడతారు. మిగతా ఆటగాళ్లు దాన్ని హాల్లో దీపం కింద పెట్టుకుంటారు. ఓరెస్ట్ మేజోళ్ల కింద పెట్టుకున్నాడు. అది అణకువ అని అతని భార్య వెర్నా, వాళ్లుండే కెల్విక్ ఊరంతా చెప్పింది. కెనడాలో, సస్కాచువాన్ మైదానాల్లో అదొక చిన్న ఊరు. వెర్నా ఉండగా దానికి వేరే రేడియో అక్కర్లేదు.

మంచు పరిచి హాకీ ఆడే ఊరి రింక్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆ బిళ్ళను గాజుపెట్టెలో పెట్టి లోపలి గుమ్మం దగ్గర నిలపాలని కమిటీ తీర్మానించింది. వెర్నా ముందు ఒప్పేసుకుని, తర్వాత భర్తను అడిగింది. పెట్టె చేసే పని మాత్రం క్లెమ్ డుబ్రే కోరి మరీ నెత్తినేసుకున్నాడు. దాంతో ఓరెస్ట్‌కు తిండి సయించడం మానేసింది.

క్లెమ్ ఇప్పుడు రింక్‌లో మంచు నున్నగా చేసే బండి నడుపుతాడు. ఒకప్పుడు చిన్న లీగ్‌లో ముందువరస ఆటగాడు. మూడంటే మూడు ఆటలకు ఓరెస్ట్ జట్టులోకి పిలిపించి, మళ్లీ కిందికి పంపేశారు. పెద్ద లీగ్ లెక్కల్లో అతని పేరుకెదురుగా మూడు, ఆ పైన అన్నీ సున్నాలే.

ఆ మూడు ఆటల్లో ఒకటి ఓరెస్ట్ గోల్ కొట్టిన ఆట. అవతల వల కాసే గోలీకి ఏమీ కనపడకుండా క్లెమ్ ఎదురుగా నిలబడితే, ఇద్దరు కలిసి అతన్ని బోర్లా పడేశారు. అదే క్షణంలో ఓరెస్ట్ దూరం నుంచి కొట్టాడు. బిళ్ళ క్లెమ్ ఎడమ కాలికి తగిలి, దారి మార్చుకుని, వలలో పడింది. మొహం మంచుకు ఆనించి ఉన్న క్లెమ్‌కు తెలియలేదు. ఓరెస్ట్‌కు స్పష్టంగా కనపడింది.

బిళ్ళ చివరగా ఎవరికి తగిలితే గోల్ వాళ్లది. పైన కూర్చుని లెక్కలు రాసేవాళ్ల కన్ను తప్పుతుంది కనక, ఆటగాడే కోచ్ దగ్గరికి వెళ్లి, నాది కాదు, ఫలానావాడిది అని చెబుతాడు. పదేళ్ల పిల్లలు కూడా చెబుతారు. ఓరెస్ట్ అంతకుముందు రెండుసార్లు చెప్పాడు కూడా. మూడోసారి నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు పేపర్లో అతని ఫోటో వచ్చింది. ఆ మర్నాటికి క్లెమ్ సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆడటం మానేసి ఇద్దరూ కెల్విక్ చేరాక, ఇరవై ఏళ్లుగా రింక్ కాఫీ బల్ల దగ్గర క్లెమ్‌ది ఒకటే కథ. ఓరెస్ట్ గోల్లో సగం వాటా తన వీపుదేననీ, ఆ వీపు పరదాలా అడ్డు లేకపోతే గోలీ ఒంటికన్నుతో ఆపేసేవాడనీ. అందరూ నవ్వేవారు. ఓరెస్ట్ కాఫీలోకి చూసేవాడు.

వేడుక శనివారం. గురువారం పొద్దున బిళ్ళను కోటు జేబులో వేసుకుని రింక్‌కు వెళ్లాడు. బండి మీద తిరుగుతున్న క్లెమ్ అతన్ని చూసి స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు లేపాడు. ఆ మైదానాల్లో దారిన ఎదురైన ప్రతి బండికీ దక్కే పలకరింపే అది. క్లెమ్ దాన్ని మంచు మీద కూడా మానలేదు.

వెనకగదిలో పెట్టె తయారుగా ఉంది. బర్చ్ కర్ర, లోపల ఆకుపచ్చ మఖ్మల్.

"ఇటియ్యి, సరిపోతుందేమో చూద్దాం," అన్నాడు క్లెమ్. "మీ ఆవిడ నిన్నే ఇందులో పెట్టమంది. నీ పొట్టకు గాజు చాలదన్నాను."

"క్లెమ్, ఇది నీ కాలికి తగిలింది."

"ఏది?"

"ఇదే. నీ ఎడమ మోకాలి కింద తగిలి తిరిగింది. నేను చూశాను. ఆ రోజే చూశాను."

క్లెమ్ వంగి, ఇప్పుడే దెబ్బ తగిలినట్టు ఎడమ మోకాలి కింద తడుముకున్నాడు.

"వారం రోజులు కమిలిపోయి ఉంది ఇక్కడ. ఎవడి కర్రో తగిలిందనుకున్నా." అక్కడే చెయ్యి ఉంచి, "మా నాన్న రేడియోలో విన్నాడు ఆ ఆట. పోయేదాకా అడిగేవాడు, కనీసం బిళ్ళ నీకు తగలనైనా తగల్లేదట్రా అని. లేదు నాన్నా అనేవాణ్ణి," అన్నాడు.

ఓరెస్ట్ దారిపొడుగునా పెద్ద వాక్యమే సిద్ధం చేసుకున్నాడు. అది ట్రక్కులోనే ఉండిపోయింది. తప్పయిపోయిందని మాత్రం అనగలిగాడు.

"శనివారం నువ్వే చెప్పు, మైకులో," అన్నాడు క్లెమ్. "నేను చెబితే ఏడుపుగొట్టు ముసలాడంటారు."

శనివారం రింక్‌లో మూడొందల మంది. ఓరెస్ట్ మైకు పట్టుకుని, ఈ గోల్ క్లెమ్‌దనీ, తనకు అప్పుడే తెలుసనీ, తెలిసే నోరు మూసుకున్నాననీ చెప్పాడు. ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత అందరూ లేచి నిలబడి చప్పట్లు. కమిటీ పెద్దాయన మైకు అందుకుని, ఉన్న ఒక్క గోల్‌నూ నేస్తానికి పంచి ఇచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా అని అడిగాడు. కాదు, నిజంగానే అని ఓరెస్ట్ రెండుసార్లు అన్నాడు. ఆ మాట చప్పట్ల కింద పడిపోయింది. వారం తిరగ్గానే ఊరి పేపర్లో 'పెద్ద మనసు' అని వచ్చింది.

చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరే. ఒకరు క్లెమ్. ఇంకొకరు వెర్నా.

"నిజమేగా?" అంది ట్రక్కులో.

"నిజమే."

ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. వెర్నాకు అది చాలా దూరం. దిగుతూ, "ముప్ఫై ఏళ్లు ఆ మేజోళ్లు మడతపెట్టింది నేను," అంది.

పెట్టె మీద పేరు మార్చమని ఓరెస్ట్ కమిటీని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ భుజం తట్టి పంపారు. ఇప్పుడు రోజూ పొద్దున వెళ్లి పెట్టె పక్కన నిలబడతాడు. చూడ్డానికి ఆగినవాళ్లకు ఉన్న సంగతి చెబుతాడు. వాళ్లూ భుజం తడతారు.

రింక్ అద్దం అవతల క్లెమ్ బండి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మలుపు దగ్గర ఎదురుపడ్డప్పుడల్లా ఓరెస్ట్ రెండు వేళ్లు లేపుతాడు. క్లెమ్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి.