వంకర కుట్టు, వంకాయ రంగు

కాజిక్‌కి ఒక జబ్బుంది. డాక్టర్లు దానికి పేరు పెట్టలేదుగానీ, కార్ల ఫ్యాక్టరీ ఉన్న హామ్‌ట్రామిక్ ఊళ్లో అతని వీధివాళ్లంతా దాన్ని ‘అసలు’ జబ్బు అంటారు. పద్నాలుగేళ్లుగా ఇంటి వెనక షెడ్డులో ఒక పాత కారును బాగుచేస్తున్నాడు. బాగుచేయడమంటే కొత్తదాన్ని చేయడం కాదు. పంతొమ్మిది వందల డెబ్బైలో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అచ్చం అలా చేయడం. పెద్ద ఇంజను, చేత్తో మార్చే నాలుగు గేర్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, నిగనిగలాడే వంకాయ రంగు. ఈ నాలుగూ ఒకే బండిలో కలిసినవి లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లే సరిపోతాయని ఆ పిచ్చి ఉన్నవాళ్లు చెప్పుకుంటారు.

ఈ పిచ్చిలో ఒక చోద్యం ఉంది. ఫ్యాక్టరీలో జరిగిన తప్పులు కూడా మళ్లీ చేయాలి. ఆనాడు రంగు కొట్టినవాడు తొందరలో అడుగున రెండు చారలు కారనిస్తే, ఇప్పుడూ అక్కడే, అంతే పొడవున కారనివ్వాలి. తనిఖీవాడు సుద్దతో గీసిన గీత వంకరైతే, ఇప్పుడు గీసేదీ వంకరగానే ఉండాలి. కాజిక్ ఆ ఫ్యాక్టరీలోనే ముప్పయ్యేళ్లు రంగు కొట్టాడు. ఆ రోజుల్లో చార కారితే ఫోర్‌మన్ నానా బూతులూ తిట్టేవాడు. ఇప్పుడు అదే చార కుదరలేదని నాలుగుసార్లు రంగు గీకి మళ్లీ కొట్టాడు.

“అప్పుడు కారితే తిట్లు, ఇప్పుడు కారకపోతే ఏడుపు,” అనేది భార్య హలీనా. “నీలాంటివాణ్ణి కట్టుకుని వేగినందుకు నాకివ్వాలయ్యా పతకం.”

హలీనా కూడా అక్కడే పద్దెనిమిదేళ్లు సీట్ల కవర్లు కుట్టింది. కుట్టడమేగానీ అలాంటి బండిలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అవి కుర్రకారు కొనుక్కునే బండ్లు. ఈమె పని ముగించుకుని బస్సులో ఇంటికొచ్చేది.

ఆ ఏడు ఏప్రిల్లో కంటి డాక్టరు ఒక మాట చెప్పాడు. హలీనా చూపులో నడిమధ్య భాగం మెల్లగా పోతుందట. ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేడట, చలికాలం దాకా ఉంటే అదృష్టమట. ఇంటికొచ్చే దారిలో హలీనా కాజిక్ మోచెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత అంది:

“ఒక్కటే అడుగుతా కాజిక్. ఆ వంకాయని ఎండలో, టాపు తీసేసి, ఒక్కసారి నిండుగా చూడాలి. ఇన్నేళ్లూ ముక్కలు ముక్కలుగా చూసి చూసి విసుగొచ్చింది.”

“ఆగస్టు,” అన్నాడు కాజిక్. “ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాత బండ్లన్నీ తిరిగే రోజుకి తయారుగా ఉంటుంది. ఒట్టు.”

ఒట్టు మనస్ఫూర్తిగానే వేశాడు. జూలై వచ్చేసరికి ఇంజను పలికింది, రంగు మెరిసింది, టాపు లేచింది, పడింది. సీట్లు మాత్రం మిగిలాయి. పాత కవరు చిరిగిపోయింది. బజారులో దొరికే కొత్త కవర్లు తెప్పించి, చూసి, తిరిగి పంపేశాడు. కారణం వింటే మీరే తలబాదుకుంటారు. పాత కవరు మీద మూడో కుట్టు సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడ అరంగుళం ఎడమకి జారి, మళ్లీ దారిలో పడుతుంది. కొత్తవాటి మీద కుట్లన్నీ తిన్నగా ఉన్నాయి. అదీ నేరం.

పాత కవరు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాడు. హలీనా పియెరోగీల్లో, అంటే వాళ్ల పోలండు కజ్జికాయల్లో, ఆలుగడ్డ కూరుతోంది. పిండి చేతులు తుడుచుకుని కుట్టు వెంట వేలు నడిపించింది.

“ఇది ఓపల్ పని. నా పక్క మిషను దానిదేగా.”

“ఎలా చెప్తావ్?”

“ఎలా ఏంటి? పదకొండున్నర కొడితే చాలు దానికి ఆకలి. గోడ గడియారం కేసి చూసేది. తల ఎటు తిరిగితే సూది అటు. దానికెన్నిసార్లు చెప్పానో!”

“సరే, అలాగే కుట్టిపెట్టు.”

“ఎలాగే?”

“అలాగే. వంకరగా.”

హలీనా అతన్ని ఎగాదిగా చూసింది. “పద్దెనిమిదేళ్లలో నా చేతిలోంచి ఒక్క వంకర కుట్టు బయటికి పోలేదు. ఇప్పుడు ఈ వయసులో ఓపల్ తప్పు నన్ను చేయమంటావా? తిన్నగా కావాలా, రేపు సాయంత్రానికి కుట్టిస్తా. వంకరగా కావాలా, పోయి దాన్నే పిలుచుకో.”

బుద్ధున్నవాడైతే అప్పుడే ‘తిన్నగా కుట్టవే తల్లీ’ అని దణ్ణం పెట్టేవాడు. కానీ కాజిక్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. వెళ్లి ఓపల్‌కి ఫోను చేశాడు.

ఓపల్ దగ్గర్లోని హేజెల్‌పార్క్ నుంచి తన కారు తానే నడుపుకుంటూ వచ్చింది. డెబ్బై అయిదేళ్ల మనిషి. కెంటకీ కొండలు దిగొచ్చి యాభై ఏళ్లయినా యాస ఇసుమంతైనా వదల్లేదు. చేతిలో పీచ్ పండ్లు కూరి కాల్చిన ‘పై’ పళ్లెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, కవరు మీదికి వంగింది.

“ఇది నాది గాదు. హలీనాది.”

“నాదా!”

“నీదే మరి. మీ పోలండోళ్ల పండగనాడు పొద్దున్నే ఆ నూనె బూరెలు డజను మింగీసి, మిషను మీదే కునుకు తీసీదానివి గదేటి!”

“నేను కునుకు తీశానా? గడియారానికి కళ్లప్పగించింది ఎవరే?”

“ఓలమ్మో, గడియారం సూడకపోతే నీకు అన్నం బెల్లయిందని సెప్పిందెవరు?”

ఇక చూసుకోండి. ప్రతి గురువారం ఓపల్ రావడం, ఇద్దరూ మిషను ముందు కూర్చోవడం, ఆ తప్పు తనది కాదని రుజువు చేయడానికి ఒకరిని మించి ఒకరు తిన్నగా కుట్టడం. బల్ల నిండా తిన్నని కుట్ల గుడ్డ పేలికలే. కాజిక్‌కి కావలసిన వంకర మాత్రం ఒక్కటీ పుట్టలేదు. అయినా అతనికి కోపం రాలేదు. షెడ్డులోంచి ఆ తిట్లు, మధ్యలో హలీనా పగలబడి నవ్వడం వింటుంటే అతనికి ప్రాణం లేచొచ్చేది. ఇంకో వారం చూద్దాంలే అనుకునేవాడు.

అలా అనుకుంటుండగానే ఆగస్టులో ఆ రోజు వచ్చింది, పోయింది. బండి సీట్లు లేకుండా షెడ్డులోనే ఉండిపోయింది. “పోన్లే, వచ్చే ఏడు...” అని కాజిక్ నాలిక కరుచుకున్నాడు.

సెప్టెంబరులో ఒక పొద్దున ఆమె కాఫీ పోస్తోంది. కప్పు వైపే చూస్తూ, కప్పు పక్కన బల్లగుడ్డ మీద పోసింది.

“కప్పు జరిపావా?” అంది.

“నేనే జరిపాను,” అని అబద్ధమాడాడు కాజిక్.

షెడ్డులోకి పోయి బండి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. అరంగుళం వంకర కోసం ఆమె అడిగిన ఒక్క కోరికనీ పోగొట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, లేచి వంటింట్లోకొచ్చాడు.

“తిన్నగానే కుట్టు హలీనా. నాకే వంకరా వద్దు.”

“ఇప్పుడా?” ఆమె కుర్చీలో కూర్చుంది. “ఎటు చూస్తే అటు మచ్చ కాజిక్. సూది ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఏమీ లేదు. నెలైంది. నువ్వు బెంగపడతావని చెప్పలేదు.”

కబురు విని ఓపల్ గురువారం కాకుండానే వచ్చింది. ఈసారి ‘పై’ లేదు, పేచీ లేదు.

“నువ్వు మిషను తొక్కు. గుడ్డ నాను పడతాను,” అంది.

“కవరు కుట్టేది నేను. నువ్వు దారి చెప్పు చాలు.”

“సరే. ఎడమకి... ఇంకాసింత... కుడికి. కుడికే ముసల్దానా!”

“అరవకు. చెవులు శుభ్రంగా ఉన్నాయి.”

రెండు రోజులు పట్టింది. మిగతా కుట్లు ఫర్వాలేదనిపించాయి. మూడోది సగం దాకా వచ్చి కుడికి పోయింది. పాత వంకర ఎడమకి, ఇది కుడికి, పైగా దానికి రెండింతలు. ఓపల్ కళ్లజోడు మీదుగా కాజిక్‌ని చూసింది. నోరెత్తావో చంపేస్తానన్నట్టు చూసింది.

“ఎలా వచ్చింది?” అని అడిగింది హలీనా.

“గీత గీసినట్టుంది,” అన్నాడు కాజిక్.

హలీనా కుట్టు వెంట వేలు నడిపించింది. వేలు సగం దాకా వెళ్లి ఆగింది, కుడికి తిరిగింది. “దొంగల్లారా,” అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. “ఇదిగో, ఇది మాత్రం నాదేనే ఓపల్. ఒప్పుకుంటున్నా.”

ఓపల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, “పాతది నాదేలే,” అంది మెల్లగా. “గడియారమే సూసినాను.”

కాజిక్ ఆ కవరు తొడిగి సీటు బిగించాడు. అది అసలుది కాదని అతనికి ఒక్కసారి కూడా తోచలేదు.

అక్టోబరు మొదటి ఆదివారం మంచి ఎండ కాసింది. కాజిక్ టాపు మడిచి బండిని షెడ్డులోంచి తీసి, సందు చుట్టూ తిప్పి, ఇంటి ముందు నిలిపాడు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. హలీనా మెట్ల మీద నిలబడి ఉంది. బండి వైపు ఒక్క క్షణం చూసి, ముఖం తిప్పేసుకుని పక్కింటి కంచె కేసి చూస్తూ ఉండిపోయింది.

కాజిక్ ఇంజను ఆపి దిగాడు.

“కోపమొచ్చిందా? ఆలస్యం చేశాను, తప్పే. ఒక్కసారి ఇటు చూడు హలీనా.”

“నోరుముయ్. చూస్తున్నా.”

“కంచెని చూస్తున్నావ్.”

“కంచెని చూస్తేనే బండి కనిపిస్తుంది, పిచ్చిమొహమా. తిన్నగా చూస్తే మచ్చ. పక్కకి చూస్తే అంచులోకి వస్తుంది. కాస్త మసగ్గానే వస్తుందనుకో, కానీ మొత్తం వస్తుంది.” కాసేపు కదలకుండా కంచెనే చూసింది. “అబ్బ! ఎంత వంకాయయ్యా ఇది!”

ఆమె మెట్లు దిగి, చల్లటి రేకు తడుముకుంటూ వచ్చి, తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది. అతను ఇటువైపు ఎక్కి తాళం మీద చెయ్యి పెట్టాడు. హలీనా మళ్లీ ముఖం అవతలికి, వీధి వైపు తిప్పుకుంది. ఎంతకీ పోనిమ్మనదు.

“ఇంకా బండినే చూస్తున్నావా?”

“బండిని చూడ్డం అయిపోయింది,” అంది ఆమె వీధి వైపు నుంచి ముఖం తిప్పకుండానే. “ఇవాళ కూడా గడ్డం గీసుకోలేదేమయ్యా నువ్వు?”

కాజిక్ గడ్డం తడుముకున్నాడు.