ముఖం దాకా రాని భయం

ఎండు మిరపకాయల ఘాటు.

బన్సీలాల్‌పేట్‌లో మిర్చి వ్యాపారి నాసర్ గోదాము. సిపాయిలు బస్తాల్లోకి ఊచలు గుచ్చుతున్నారు. తుపాకులు దాచాడని ఎవరో చెప్పారట.

నిజాం లొంగిపోయి, పోలీసు చర్య ముగిసి వారమైనా కాలేదు. ఎవరు ఎవరి పేరు చెబుతారో... ఊరంతా అదే దిగులు.

అందరూ దగ్గుతున్నారు. అందరూ కళ్లు నులుముకుంటున్నారు.

నాసర్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి — రెప్ప మాత్రం పడటం లేదు. కుడిచెయ్యి ఒక్కటే వణుకుతోంది. కనబడని గింజనేదో వేళ్ల మధ్య నలుపుతున్నట్టు.

ఈ ముఖం ఒకప్పుడు లాభం.

జబ్బు మొదట ముఖంలోకే వచ్చింది. నవ్వు తగ్గింది. కోపం తగ్గింది. ధర విన్నా పెదవి కదిలేది కాదు. ఎదుటివాడే కంగారుపడి దిగి వచ్చేవాడు.

"నీ ముఖం జూసి ధర పసిగట్టుడు అల్లాకు సుత కాదు, నాసర్ భాయ్," అనేవాడు పక్క దుకాణం భద్రయ్య.

నాసర్ నవ్వాననుకునేవాడు.

ఆ లాభమంతా ఇవాళ ఎదురు తిరిగింది.

సోదాకు వచ్చిన సుబేదారు కృష్ణా జిల్లావాడు. "ఏమయ్యా, అందరూ దణ్ణాలు పెడుతున్నారు. నువ్వేంటి, మింగేసేలా చూస్తున్నావు?"

లోపలంతా భయమే. ఆ సంగతి ముఖానికి తెలియదు.

నాసర్ భార్య లతీఫున్నీసా పరుగున వెళ్లి డాక్టర్ మధుసూదన్‌ని తీసుకొచ్చింది. "జెర మీరు చెప్పున్రి, డాక్టర్ సాబ్. మా ఆయనది పొగరు గాదు, బీమారి."

మధుసూదన్ నాసర్‌కు మందిచ్చే నరాల డాక్టర్. వణికే చేతుల వెంట తిరిగి తిరిగి తల నెరిసినవాడు. ఎక్కడ వణుకు ఉందని విన్నా వెళ్లేవాడు — నడక చూసేవాడు, రాత చూసేవాడు, నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చూసేవాడు. మందు మార్చి మార్చి ఇచ్చేవాడు. ఏ మందూ ఆపలేదు. నష్టమని తెలిసీ వదలని వ్యాపారం ఆయనది.

"పార్కిన్సన్ జబ్బు," అన్నాడు. "భయం ఉంది. ముఖం దాకా వచ్చే దారి మూసుకుపోయింది. నమ్మకపోతే గుండె మీద చెయ్యి పెట్టి చూడండి."

సుబేదారు అరచెయ్యి నాసర్ ఛాతీకి ఆనింది.

చాలాసేపు.

"నిజమే. అదిరిపోతోంది."

లతీఫున్నీసా ఊపిరి వదిలింది.

సుబేదారు చెయ్యి తీయలేదు.

"తప్పు చెయ్యనివాడికి ఇంత భయమెందుకు?"

డాక్టర్ ఇటు పెట్టబోయిన రాయి అటు తక్కెడలో పడింది.

జవాబు నాసర్ దగ్గర ఉంది. ఈ వారం ఈ ఊళ్లో భయం లేనిదెవరికి, హుజూర్ — అంటున్నాడు. అంటూనే ఉన్నాడు. జబ్బు గొంతును కూడా అరగదీసింది. మాట ఊపిరిలా వచ్చి పెదవుల దగ్గరే ఆగుతోంది.

"గట్టిగా చెప్పు." సుబేదారు చెవి దగ్గరికి తెచ్చాడు.

రేకుల మీద వాన మొదలైంది. ఆ చప్పుడులో నాసర్ మాట మునిగిపోయింది.

ఘాటు అలాగే ఉంది. ఆ మాట కోసం గోదాములో ఎవరూ దగ్గడం లేదు.