కాపీలో మారని చిరునామా

వ్యాపారంలో నాకు శత్రువులు లేరు. ఉన్నది తోడల్లుడు. రెండూ ఒకటి కాదు. శత్రువు మావగారింట్లో నా పక్కన కూర్చుని భోంచేయడు.

నాది నీళ్ళ ట్యాంకర్ల వ్యాపారం. ఏ సందులో ట్యాంకరు తిరుగుతుంది, ఏ ఇంటి సంపు మూత ఎటు పక్క ఉంది, పైపు ఎన్ని అడుగులు కావాలి, ఇవన్నీ ఆరేళ్ళపాటు గోడలు గీరి, తిట్లు తిని పోగేసిన సంగతులు. ఆరువందల నలభై ఇళ్ళు. అన్నీ మ్యాప్ సర్వర్లో ఎక్కించాను. దాన్ని చూసుకునే ఆవిణ్ణి సర్వరమ్మ అంటాం.

తోడల్లుడు నిరుడు ఊరి అవతలి కొసన అదే వ్యాపారం మొదలెట్టాడు. అప్పట్నుంచి "మా మరిది ట్యాంకర్లు ఎంత శుభ్రంగా ఉంటాయో" అని మా ఆవిడ అనని వారం లేదు. కొత్త బండి ఎవరిదైనా శుభ్రంగానే ఉంటుంది.

పెద్దాసుపత్రికి రోజూ నీళ్ళు పోసే కాంట్రాక్టు ఇద్దరం అడిగాం. వాళ్ళతో మాట్లాడ్డానికి సోమవారం వాడి వంతు, మంగళవారం నాది. శనివారం వాడు మా ఆఫీసుకొచ్చాడు.

"అన్నయ్యా, మీ సర్వర్లో నాకూ కాస్త చోటివ్వండి. మీ సెట్టింగులు కాపీ చేస్తే చాలు. నా ఇళ్ళు నా డేటాబేసులో ఉన్నాయి." దాని చిరునామా రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"మావగారు పెట్టిన పెళ్ళిబట్టలే ఒక తానులోవి. ఇదెంత?" అన్నాను. వాడు నవ్వాడు.

వాడు వెళ్ళాక సర్వరమ్మ చెప్పింది. "కాపీ క్షణం పని సార్. మన డేటాబేసు చిరునామా, పాస్‌వర్డు ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి. అందుకే కాపీ ఆఫ్‌లో ఉంటుంది. చిరునామా మార్చాకే ఆన్ చేయాలి. లేదంటే ఆయన పటం తెరిచినా మన ఇళ్ళే కనిపిస్తాయి."

"కాపీ చేసి వెళ్ళమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

ఆన్ చేశాను. చిరునామా జోలికి పోలేదు. లెక్క తేలికే. వాడు ఆసుపత్రి మేనేజరు ముందు పటం తెరుస్తాడు, అందులో తన వీధి ఒక్కటీ ఉండదు, నీళ్ళు నములుతాడు. నా ఇళ్ళు చూస్తే చూడనీ, ఆ కొసవాడికి ఈ కొస ఇళ్ళు దేనికి?

సోమవారం మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు.

"రేపు మీరు రానక్కర్లేదు."

"వాడికిచ్చేశారా?" అన్నాను.

"కాంట్రాక్టు మీకే. మీ తమ్ముడుగారు పటం తెరిచారు. సంపు మూతలు సైతం గుర్తు పెట్టిందెవరని అడిగాను. 'ఇది మా అన్నయ్యది, నాది ఎక్కించడంలో నేనే ఏదో తప్పు చేశాను, ఇంత పని నాకింకా రాదు' అన్నారు."

చేతికొచ్చిన బేరం కాదనేవాణ్ణి కాదు, ఒప్పుకున్నాను. మింగుడు మాత్రం పడలేదు. ఆసుపత్రిని నేను గెలవలేదు, వాడిచ్చాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడకి అప్పటికే తెలుసు.

"తప్పు తనదేనంటున్నాడట మరిది. నిజమేనా?"

"అయ్యుండొచ్చు."

"ఊఁ" అంది. ఆ ఒక్క అక్షరం ఎంత బరువో పెళ్ళైనవాళ్ళకి తెలుసు.

సాయంత్రం ఆ కాగితమిచ్చి సర్వరమ్మ చేత చిరునామా మార్పించాను. తోడల్లుడి పటం తెరుచుకుంది. పదకొండు చుక్కలు.

"ఇంతేనా?"

"ఇంతే సార్. దీనికేనా మీరు మార్చకుండా వదిలేసింది?" స్క్రీను మీంచి కళ్ళు తీయకుండానే అడిగింది.

ఒక్కో చుక్కా నొక్కించాను. తొమ్మిదోది మావగారిల్లు. ఆరేళ్ళుగా నేనడిగినప్పుడల్లా "బోరు నీళ్ళు చాలు అల్లుడూ" అన్న ఇల్లు. సంపు మూత పెరట్లో, మెట్ల పక్కన. పైపు ముప్ఫై అడుగులు. కింద ఇంకో ముక్క: 'హారన్ కొట్టొద్దు. మావయ్యగారు మధ్యాహ్నం మూడింటి దాకా పడుకుంటారు.'

ఆయన పడుకుంటాడని నాకు తెలీదు.

"సర్వరమ్మా, ఈ ఒక్క ఇల్లు మన పటంలోకి కాపీ అవుతుందా?"

"అవుతుంది సార్. ట్యాంకరు మాత్రం వాళ్ళదే వెళ్తుంది."