218లో బిగించిన రేకు

బ్రాడ్‌ఫర్డ్‌లో ముప్పై ఏడో నంబరు బస్సు రూటు గురించి మాల్కమ్‌ని కదిలించకూడదు. కదిలించారా, ఇక ఆ పూట అంతే. ఏ బస్సు ఏ ఏడాది వచ్చింది, ఏ మలుపు దగ్గర ఎన్నో గేరు పడేది, పైకప్పు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు, అన్నీ ఏకరువు పెట్టేవాడు. చెల్లెలు లోర్నా నలభై ఏళ్లుగా ఆ సోది విని విని విసిగిపోయింది. అతను నోరు తెరవగానే టీ పెడతానన్న వంకతో వంటింట్లోకి జారుకునేది.

ఆ రూటు ఎత్తేసి ఇరవై ఎనిమిదేళ్లయింది. అయినా ఏడాదికో ఆదివారం పాతబస్సుల సంఘం వాళ్లు దాన్ని మళ్లీ నడిపేవారు, అవే బస్సులు, అవే వేళలు. రోడ్డు మీది రైలు వంతెన ఎత్తు చాలదని ఇప్పటి బస్సులన్నీ చుట్టూ తిరిగి పోతాయి. మనమూ అలాగే పోదామన్నారు సంఘంలో కొందరు. మాల్కమ్ ససేమిరా అన్నాడు. "వంతెన కింద నుంచి పోకపోతే అది ముప్పై ఏడెలా అవుతుందయ్యా?" అని బల్ల గుద్ది మరీ నెగ్గాడు.

అసలు ఆ వంతెన కోసమే ఆ రూటుకి పొట్టి డబుల్ డెక్కర్లు చేయించారు. ఎత్తు మామూలు వాటికంటే పది అంగుళాలు తక్కువ. పక్కపక్కన నిలబెడితే తప్ప ఆ తేడా ఎవరికీ తెలియదు. వాటిలో ఇప్పుడు 231 నంబరు బస్సు ఒక్కటే మిగిలింది. మాల్కమ్ చిన్నప్పుడు బడికి ఎక్కిన బస్సు 218. అది తుక్కు కిందకి పోయిన రోజున డ్రైవరు ఎదుట ఉండే చిన్న రేకును విప్పి కోటు జేబులో వేసుకొచ్చాడు. దాని మీద "ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు" అని ఉంటుంది.

దక్షిణాన సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో అలాంటి బస్సే మరొకటి దొరికింది, కాకపోతే పొడుగుది, మామూలు ఎత్తుది. మూడు చలికాలాలు దాని మీద పడి పనిచేసి, నీలం రంగూ మీగడ రంగూ వేసి, 218 అని నంబరు రాశాడు. డిపో ముందు నిలబెట్టి జనానికి చూపించడానికే తప్ప నడపడానికి కాదు. కిందటి శనివారం ఎవరూ లేనప్పుడు ఆ పాత రేకును కూడా డ్రైవరు ఎదుట బిగించేశాడు. ఫొటోలో బాగుంటుందని, అంతే. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు లోర్నా మొదటిసారి వచ్చింది.

"ఇదిగో, వచ్చాను. నీ ముచ్చట తీరిందా? ఒక్క రౌండు తిరిగి ఇంటికి పోతా. అంగుళాలు మాత్రం చెప్పకు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా."

"పైన ముందు సీట్లో కూర్చో. వంతెన కిందికి దూరేటప్పుడు పైకప్పు తగిలేస్తుందేమో అనిపిస్తుంది. తగలదులే," అన్నాడు మాల్కమ్ మురిసిపోతూ. చెల్లెలు ఎక్కబోయేది 231 కదా మరి.

రైల్లో వచ్చే అతిథులను తీసుకురావడానికి కారులో స్టేషనుకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పదకొండూ ఇరవై నాలుగు. డిపోలో 231 ఎక్కడిదక్కడే ఉంది. దాని కింద నుంచి మెకానిక్ టెరెన్స్ కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఇదింకా ఇక్కడే ఉందేంటి?"

"బ్రేకు పైపు చిట్లింది. పొద్దున్నుంచీ దీని కిందే దొర్లుతున్నా."

"మరి పదకొండూ పదికి ఏది పోయింది?"

"ఇంకేది, నీ ముద్దుల 218. అది పొడుగుదేమో అన్నాను నేను. నడపాల్సింది డెస్మండ్ కదా, లోపలికెక్కి రేకు చూసి, ఇదీ పదమూడూ ఆరే, వంతెన కింద పడుతుంది అన్నాడు. రేకు మీదే రాసుంటే ఇంకేమంటాం?"

మాల్కమ్ గిరుక్కున తిరిగి చూశాడు. 218 నిలబడాల్సిన చోట ఖాళీ నేల కనబడింది. ఆ బస్సు ఎత్తు పద్నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు. వంతెన మీది బోర్డు పదమూడూ తొమ్మిది. చెల్లెలు పైన, ముందు సీట్లో ఉంది. అక్కడ కూర్చోమన్నది తనే.

ఆ రూటు వేళలు అతనికి కంఠతా వచ్చు. నిద్ర పట్టనప్పుడు మనసులో చదువుకునేవాడు. ఇరవై ఆరుకి ఉన్ని మిల్లు, ఇరవై తొమ్మిదికి చర్చి, ముప్పై ఒకటికి వంతెన. డెస్మండ్ రోజూ సిటీ బస్సు నడిపే మనిషి, నిమిషం అటూ ఇటూ పోనివ్వడు. బస్సు ఎక్కడుందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంటే మాల్కమ్ ఫోన్ తీశాడు.

డెస్మండ్ ఫోన్ ఆపేసి ఉంది. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎప్పుడూ ఆపేస్తాడు. కండక్టరుగా వెళ్లిన ముసలి విల్ఫ్‌కి అసలు ఫోనే లేదు. ఇక లోర్నా. రెండో రింగుకే ఎత్తింది.

"ఎక్కానన్నయ్యా. నువ్వు చెప్పిన సీట్లోనే కూర్చున్నా. చాలా బాగుంది. సరేనా?"

"లోర్నా, నా మాట విను. ఆ బస్సు పద్నాలుగు అడుగుల నాలుగు..."

"మొదలెట్టావా? పొద్దున్నే దణ్ణం పెట్టానుగా."

"కాదే, వంతెన పదమూడు అడుగుల తొమ్మిది..."

"అలాగే, తొమ్మిది. ఇంటికొచ్చాక చెబుదువుగాని. ఇక్కడ పిల్లలు పాటలందుకున్నారు, ఏం వినబడి చావట్లేదు." ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. నలభై ఏళ్లు ఆ పిల్ల చెవిలో అంగుళాలు పోసి పోసి, ఇవాళ ప్రాణం మీదికొస్తే వినకుండా చేసుకున్నాడు. ఎవరిని తిట్టుకోవాలి? కారెక్కి స్టార్ట్ చేస్తూ నాలుగోసారి నొక్కాడు. పదకొండూ ఇరవై తొమ్మిది. ఎత్తింది.

"అబ్బబ్బ, ఏంటన్నయ్యా?"

ఈసారి అంగుళాల ఊసెత్తలేదు. "చెల్లీ, చిన్నప్పుడు మెట్ల మీద బస్సాట ఆడేవాళ్లం. నేను డ్రైవర్ని, నువ్వు కండక్టరువి. గరిటెతో గిన్నె మీద కొట్టేదానివి."

"నీ గొంతేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"నీ నెత్తి మీద కప్పుకి ఎర్ర బొత్తాం ఉంది. నాలుగుసార్లు నొక్కవే. ఇప్పుడే. ఏమీ అడక్కు."

అవతల పిల్లల పాట వినబడింది. అంతలో లైను తెగిపోయింది.

ఆ బొత్తాం నొక్కితే డ్రైవరు దగ్గర గంట మోగుతుంది. ఒక గంటకి ఆపాలి, రెండింటికి కదలాలి, నాలుగింటికి ఉన్నపళంగా బ్రేకు తొక్కాలి. లోర్నాకి ఆరేళ్లప్పుడు నేర్పిన పాఠం. గుర్తుందో లేదో. గుర్తుండి నొక్కినా, డెస్మండ్‌కి తెలుసో లేదో. ఇప్పటి బస్సుల్లో ఈ లెక్కలెక్కడివి? మాల్కమ్ అడ్డదారిన కొండ రోడ్డు పట్టుకున్నాడు. అద్దం దించి చెవులు రిక్కించాడు. ఏం వినాలనో అతనికే తెలియదు. వినబడకూడదనే కోరుకున్నాడు. చర్చి దాటేసరికి ముప్పై మూడు. జరగాల్సింది ఈపాటికి జరిగిపోయి ఉంటుంది. మలుపు తిప్పడానికి భయమేసింది. తిప్పాడు.

వంతెనకి నాలుగు గజాల ఇవతల బస్సు నిలబడి ఉంది. పేవ్‌మెంటు మీద జనం. విల్ఫ్ ఎవరో పిల్లాడి నుదుటికి తడిగుడ్డ అద్దుతున్నాడు. డెస్మండ్ రోడ్డు మధ్యలో నిలబడి ఒకసారి పైకప్పునీ, ఒకసారి వంతెన రాళ్లనీ చూస్తున్నాడు.

"పైనుంచి ఎవరో నాలుగు కొట్టారు," అన్నాడు డెస్మండ్. అతని పెదాలు తెల్లబడి ఉన్నాయి. "విల్ఫ్ పొద్దున పట్టుబట్టి నాకు ఈ గంటల లెక్క నేర్పాడు కాబట్టి సరిపోయింది, కాలు దానంతటదే పడింది. లేకపోతే ఆగేవాణ్ని కాదు మాల్కమ్. బోర్డు చూశా, రేకు చూశా, మూడంగుళాల సందుందిగా అనుకున్నా. ఆ రేకు తప్పా?"

"నేనే బిగించాను."

"ఎందుకు?"

"ఫొటో కోసం."

డెస్మండ్ తిడతాడేమో అనుకున్నాడు. తిట్టినా బాగుండేది. అతను బస్సు మెట్టు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

లోర్నా ఇంకా పైనే ఉంది. మాల్కమ్ రెయిలింగ్ పట్టుకుని ఎక్కాడు. ముందు సీట్లో ఒక్కతే కూర్చుని ఉంది, వేలు ఇంకా ఆ ఎర్ర బొత్తాం మీదే ఉంది. అద్దానికి అవతల, ఆమె మొహానికి ఎదురుగా, మసిబారిన నల్లరాళ్లు. వాటి సందుల్లో పెరిగిన నాచు కూడా కనిపిస్తోంది.

"ఎన్ని అంగుళాలు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. చెప్పబోయి మానేశాడు. ఆమె ఎదుటికి వెళ్లి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి, బస్సు కప్పు వంతెనకంటే ఎంత ఎత్తో ఆ ఏడంగుళాలూ చూపించాడు.

లోర్నా ఆ రెండు చేతుల మధ్య సందుని చాలాసేపు చూసింది. తర్వాత పక్కనున్న ఖాళీ సీటు వైపు చూసింది.

"పిల్లలు ఈ సీటెక్కి నిలబడి పాడుతున్నారన్నయ్యా," అంది. "వాళ్ల తలలు కప్పుకి తగులుతున్నాయి."

మాల్కమ్ చేతులు దించలేకపోయాడు. అవి అలాగే గాల్లో ఉండిపోయాయి.